తాళము పట్టిన చేయి

తొలకరి వానలు వెలసి, మళ్ళలో నీరు నిలిచి, నాట్లు మొదలైన దినములలో కృష్ణా గోదావరీ మండలముల పొలముగట్లపై నడిచినవారెల్లరు వినియుండిన పాట యొకటి గలదు. వరుసలోని ఒక స్త్రీ దానిని ఎత్తుకొనును, తక్కినవారందరు అందుకొందురు, ఆ అందుకొనుటతో పాటు వంగిన నడుములతోనే అందరును ఒక్కసారిగా అడుగు వెనుకకు వేయుదురు. ఆ పాటకు రైతు వేరుగా కూలి యీయడు, పాడుమని ఆజ్ఞాపింపడు. అయినను దానివలన అతని పని చురుకుగా సాగును. నాటువారికి దానివలన కలుగు మేలు మరియొకటి గలదు. ప్రొద్దెక్కి, నడుము నొప్పి పెట్టి, పాటయెత్తిన స్త్రీ అలసినచో పాటయును మెల్లగా నెమ్మదించును. పాటతో పాటు వరుస యంతయు నెమ్మదించును. ఆ నెమ్మదించుటలో ఏ యొక్కరును వెనుకబడినట్లు గట్టుమీద నిలిచియున్న యజమాని కంటికి కానరారు. దంపుళ్ళ పాట, ఏతాము పాట, పడవ లాగువారి పాట, ఇవన్నియు ఈ జాతిలోనివే. పని యజమానిది, తాళము పనివారిది.

సంగీతము మనుష్యుల ప్రవర్తనను శాసింపగలదా యని తరచుగా అడుగుచుందురు. శాసింపగలదనుటకు నిదర్శనములు కొల్లలుగా నున్నవి గనుక ఆ ప్రశ్నతో ఇక పనిలేదు. ఒక పాట పదిమందిని కదలించుచున్నపుడు, ఆ పాట వేగమును పెంచుటకును తగ్గించుటకును, ఆపుటకును అధికారము ఎవరికి గలదు అనునదియే నా మనస్సును చిరకాలముగా వేధించుచున్న ప్రశ్న. ఈ వ్యాసమున చెప్పబూనిన సంగతులన్నియు దానిని అనుసరించియే యుండును.

లయకు మన దేహముపై గల యధికారము బుద్ధికి తెలియకుండగనే సాగునది. డప్పు మ్రోగుచుండగా దానికి భిన్నముగా అడుగులు వేయ ప్రయత్నించినవారికి అదెంత కష్టమో తెలియును. కాలు తనంతట తానే దెబ్బకు సరిపడును. పలువురు కలిసి పాడునపుడు అందరి శ్వాసయు ఒకేచోట ఆగి ఒకేచోట మొదలగును. స్వీడన్ దేశమున గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయము వారు 2013లో ప్రకటించిన పరిశోధనవలన, బృందగానము చేయువారి గుండె వేగము కూడ ఆ శ్వాసను అనుసరించి ఒకరితో నొకరికి కలిసి హెచ్చుచు తగ్గుచు నుండునని తేలినది. జర్మనీలో లైప్‌జిగ్ నగరమున కిర్ష్నర్, టొమసెల్లో అను పరిశోధకులు నాలుగేండ్ల పిల్లలను జంటలుగా చేర్చి, కొందరిచేత పాటతో తాళముతో కూడిన ఆటను, మరికొందరిచేత పాట లేని అటువంటి ఆటనే ఆడించి, పిదప వారి నడవడిని గమనించిరి. కలిసి పాడిన పిల్లలు తోటివానికి ఇబ్బంది కలిగినపుడు సాయపడుటకు ఎక్కువగా ముందుకు వచ్చిరని 2010లో వారు వెల్లడించిరి.

ఇంతవరకు విన్న యెడల ఎవరికైనను సంతోషము కలుగును. కాని అమెరికాలో విల్టర్‌ముత్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, కలిసి అడుగు వేసినవారిలో పరస్పర సహకారము పెరుగునని హీత్ అను సహచరునితో కూడి 2009లో చూపినవాడే, 2012లో మరియొక ప్రయోగ ఫలితమును బయటపెట్టెను. ప్రయోగము నడుపువానితో అడుగు కలిపి నడిచినవారు, అతడు కోరినపుడు, చంపు యంత్రమని తాము నమ్మిన దానిలో చిన్న చిన్న పురుగులను వేయుటకు, అడుగు కలుపనివారికంటె హెచ్చుగా సిద్ధపడిరి. సాయపడు గుణమును, ఆజ్ఞకు తలయొగ్గు గుణమును ఒకే అడుగునుండి పుట్టినవి. దండయాత్రలలో భేరిని, బడిలో ప్రార్థన గీతమును, గుడిలో భజనను ఏర్పరచిన పూర్వులకు ఈ ప్రయోగములు తెలియవు; తెలియవలసిన అవసరమును లేదు. వారు కన్నులార చూచిన విషయమునే నేటి శాస్త్రజ్ఞులు అంకెలలో వ్రాసిరి.

పాలకులకు ఈ సంగతి బహుకాలము క్రిందటనే తెలిసెను. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథమున ఆదర్శ రాజ్యమును నిర్మించుచు, శోకమునకును పానగోష్ఠులకును తగిన స్వరశ్రేణులను వెలివేసి, ధైర్యమునకును నిగ్రహమునకును అనువైన డోరియన్, ఫ్రిజియన్ శ్రేణులను మాత్రము ఉంచెను; పెక్కు తంత్రులు గల వాద్యములకును, ఆలోస్ అను ఊదు వాద్యమునకును ఆ రాజ్యమున చోటులేదు. చీనాలో హాన్ వంశపు చక్రవర్తి వూ సంగీతమునకై ప్రభుత్వ శాఖనొకదానిని పెంపొందించి దేశములోని పాటలను సేకరింపజేసెను. క్రీస్తుపూర్వము 7వ సంవత్సరమున అదే వంశపు మరియొక చక్రవర్తి దానిని రద్దుచేయించెను. వీరందరును సింహాసనము మీదినుండి చూచి ఆలోచించినవారు. సింహాసనము క్రిందనున్నవారి పక్షమునుండి ఈ చరిత్రను చదువదలచినవారు అమెరికా ఖండమునకు పోవలెను.

1739 సెప్టెంబరు 9వ తేదీన, నాడు బ్రిటిష్ వలసరాజ్యమైన దక్షిణ కరోలినాలో, స్టోనో నదీతీరమున ఇరువదిమంది వరకు నల్లజాతి బానిసలు ఆయుధములు సంపాదించి తిరుగబడి, స్పెయిన్ ఏలుబడిలోని ఫ్లోరిడాను చేరి స్వేచ్ఛ పొందవలెనని దక్షిణముగా నడక సాగించిరి. వారు జెండా యెత్తి, డోళ్ళు వాయించుచు నడిచిరి. దారిపొడవున తోటలలోని బానిసలు వచ్చి కలియగా ఆ దండు వందకు చేరువయ్యెను. అదే దినమున తెల్లవారి సేన వారిని చుట్టుముట్టి అణచివేసినది. మరుసటి సంవత్సరము, 1740లో, ఆ వలస శాసనసభ చేసిన చట్టము బానిసలు డోళ్ళను, కొమ్ములను, దూరమునకు వినవచ్చు ఏ వాద్యమును ఉపయోగింపరాదని నిషేధించెను. తుపాకిని నిషేధించుట ఎవరికైనను అర్థమగును. డోలును తుపాకి సరసన చేర్చిన ఆ శాసనకర్తలు సంగీతము యొక్క శక్తిని మన సంగీత విద్వాంసులలో పలువురికంటె బాగుగా నెరిగినవారని చెప్పక తప్పదు.

అయితే ఇంతటి భయముతో డోలును లాగుకొనిన యజమాని వర్గము పాటను మాత్రము నిషేధింపలేదు, పాడుమని నిర్బంధించినది. మేరీలాండ్‌లో బానిసగా పుట్టి, తప్పించుకొని, మహావక్తగా జగద్విఖ్యాతి నొందిన ఫ్రెడరిక్ డగ్లస్ తన స్వీయచరిత్రలో ఈ విషయమును విశదముగా వ్రాసియున్నాడు. మౌనముగా పనిచేయు బానిస యనిన యజమానికిని, పని చేయించువానికిని గిట్టదు. పాట వినబడుచున్నంతవరకు పనివాడు ఎక్కడ నున్నాడో, పని సాగుచున్నదో లేదో దూరమునుండియే తెలిసికొనవచ్చును. ఆ పాటలను విని ఉత్తర రాష్ట్రములవారు బానిసలు సుఖముగా నున్నారని భావించుట చూచి డగ్లస్ ఎంతయు విస్మయము చెందెను. వారు దుఃఖము మిక్కుటమైనపుడే మిక్కిలిగా పాడుదురని ఆయన యెరుగును. బానిసలు తమలో తాము మాటాడుకొనుటకు వాడిన డోలు నేరమైనది, యజమానికి కాపలాగా పనికివచ్చు పాట విధియైనది. నాట్లు వేయువారి పాటను గూర్చి మొదట చెప్పిన మాటను ఇచట తలక్రిందులు చేసి చదువుకొనవలెను.

డోలు లేకున్నంత మాత్రమున తాళము పోలేదు. చప్పట్లతో, తొడలపై చరచుటతో, పాదముల తాకిడితో ఆ ప్రజలు దానిని నిలుపుకొనిరి. కరీబియన్ సముద్రములోని ట్రినిడాడ్ ద్వీపమున 1880 దశకములో బ్రిటిష్ ప్రభుత్వము డోళ్ళపై ఆంక్షలు విధింపగా, అచటి నల్లజాతివారు వెదురు బొంగులను నేలకు తాటించి తాళము వేసిరి. వెదురునకును అడ్డంకులు రాగా 1930 దశకమున ఇనుప డబ్బాలను, తరువాత నూనె పీపాలను చేపట్టిరి. లోకమున నేడు స్టీల్ పాన్ అను పేర ప్రసిద్ధమైన వాద్యము ఆ వరుస నిషేధముల సంతానమే.

ఇక యంత్రయుగమునకు వత్తము. మిల్లులు వచ్చినపుడు మరమగ్గముల హోరులో పనిపాట వినరాక పోయెను. వినవచ్చినచోట్ల పని చెడునని యజమానులు పాటను, మాటను కూడ అడ్డగించి జరిమానాలు వేసిరి. వంద సంవత్సరములకు పైగా పాట కార్ఖానా గడప వెలుపలనే నిలిచెను. దానిని మరల లోపలికి పిలిచినవారు కార్మికులు కారు, కార్మికుల విసుగును కొలిచిన నిపుణులు. చేసినదే చేయు పనిలో మనస్సు ఎప్పుడు సడలునో, ఉత్పత్తి ఏ గంటలలో తగ్గునో ఇంగ్లండులో వయట్, లాంగ్డన్ అను పరిశోధకులు పరిశీలించి, ఆ సమయములలో సంగీతము వినిపించినచో పని పెరుగుచున్నదని 1937లో ప్రకటించిరి. మూడేండ్లకు యుద్ధము వారి మాటకు విలువ తెచ్చెను. ఫ్రాన్స్ పతనమైన 1940 జూన్ నెలలోనే, 23వ తేదీన, బి.బి.సి. రేడియో 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అను కార్యక్రమమును ప్రారంభించెను. ఉదయము అరగంట, మధ్యాహ్నము అరగంట, తరువాత రాత్రి పనివారికై మరియొక అరగంట. ఆయుధములు తయారుచేయు కార్ఖానాలలో లౌడ్‌స్పీకర్ల ద్వారా లక్షల కార్మికులు, అందును భర్తలు యుద్ధభూమికి పోగా యంత్రముల ముందు నిలిచిన స్త్రీలు, ఒకే వేళకు ఒకే వాద్యగోష్ఠిని వినిరి. ఆ కార్యక్రమమునకు ముందు వినిపించు సంగీతమును ఎరిక్ కోట్స్ రచించెను.

ఈ కార్యక్రమమునకు ఏర్పరచిన నియమములు మిగుల ఆసక్తికరములు. మందగతి గల బాణీలు కూడవు, నిద్ర వచ్చును. లయ మరీ ఉద్ధతముగా నుండరాదు, యంత్రముల చప్పుడుతో పోరాడి గందరగోళమగును. స్వరము ఒక్కసారి హెచ్చి ఒక్కసారి తగ్గరాదు, తగ్గినది హోరులో వినరాదు. ఇవి యన్నియు సహేతుకములే. 'డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సస్' అను అమెరికన్ పాటను నిషేధించిన కారణము మాత్రము నాకు మిగిలిన నియమములన్నిటికంటె ఎక్కువ చెప్పుచున్నది. ఆ పాటలో నాలుగు చప్పట్లు వరుసగా వచ్చును. అవి వచ్చినపుడెల్ల కార్మికులు చేతిలోని పని విడిచి తామును చప్పట్లు కొట్టుచుండిరి, పనిముట్లతో యంత్రములపై తాటించుచుండిరి. అనగా వినువాడు తానును పాటలో చేరినంతనే ఆ పాట పనికిరానిదైనది. చేతులు యంత్రమునకు, చెవులు లౌడ్‌స్పీకరునకు కేటాయింపబడినపుడు, ఆ రెంటిని కలిపి తాళము వేయు స్వాతంత్ర్యము కార్మికునకు మిగులలేదు. యుద్ధకాలమున ఒక దేశము ప్రాణములకై పోరాడుచు చేసిన యేర్పాటును నేను నిందింపజాలను. ఆ స్త్రీలలో పలువురు ఆ అరగంట కొరకు ఎదురుచూచెడివారు, అది వారి శ్రమను నిజముగనే తేలికపరచెను. యుద్ధము ముగిసిన పిదప కూడ 1967 వరకు అది సాగుట ప్రజలు దానిని ప్రేమించిరనుటకు తార్కాణము. ఇష్టపడి విన్నంత మాత్రమున తాళము మన చేతికి వచ్చినట్లు కాదని మాత్రమే నా మనవి.

అవే సంవత్సరములలో ఐరోపా ఖండమున మరియొకచోట కూడ పనికి పోవువారికి వాద్యగోష్ఠి వినిపించిరి. ఆష్విట్స్ బిర్కెనౌ మారణ శిబిరమున ఉదయము ఖైదీల దండులు పనికి వెడలునపుడును, సాయంకాలము తిరిగి వచ్చునపుడును ద్వారమువద్ద ఖైదీలే అయిన వాద్యకారులు కవాతు పాటలు వాయింపవలెను. అందరి అడుగులును కలిసినచో వరుసలు చెదరవు, వరుసలు చెదరనిచో కావలివారికి లెక్కపెట్టుట సులభము. స్త్రీల వాద్యబృందమునకు, మహా స్వరకర్త గుస్తావ్ మాలర్ మేనకోడలైన అల్మా రోజే 1943 నుండి 1944 ఏప్రిల్‌లో తాను మరణించువరకు నాయకురాలుగా నుండెను. ఆమె కఠిన శిక్షణయే తమ ప్రాణములు నిలిపెనని బ్రతికి బయటపడిన వాద్యకారిణులు చెప్పిరి. పురుషుల బృందమును నడిపిన పోలిష్ స్వరకర్త షిమాన్ లాక్స్ తరువాత వ్రాసిన గ్రంథమున, సంగీతము ఖైదీలకు ధైర్యము నిచ్చెనను మాటను ఒప్పుకొనలేదు. కృశించినవారిని అది మరింత క్రుంగదీసెననియే ఆయన సాక్ష్యము. ఇంగ్లండులోని కార్ఖానాను ఈ నరకముతో ఒకే త్రాసున తూచుట నా యుద్దేశము కాదు, అట్లు తూచుట పాపము. సంగీతము సహజముగనే మనుష్యుని ఉద్ధరించునని నమ్ము మనవంటివారము లాక్స్ వ్రాసిన దానిని ఒకమారు చదువవలెనని మాత్రము కోరుదును.

యుద్ధానంతరము ఈ విద్య వ్యాపారమైనది. మొదటి ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యపు వార్తాసంకేత శాఖకు అధిపతిగా నుండిన జార్జ్ ఓవెన్ స్క్వయర్ అను సేనాని, తీగల ద్వారా సంగీతమును ఇంటింటికి పంపు ఉపాయమును కనుగొని 1934లో స్థాపించిన మ్యూజాక్ సంస్థ, ఇండ్లకంటె కార్యాలయములును కార్ఖానాలును మేలైన గిరాకీదారులని కొలదికాలములోనే గ్రహించెను. ఆ సంస్థ నిపుణులు ఒక్కొక్క బాణీకిని వేగము, లయ, వాద్యముల సంఖ్య మొదలగు వానినిబట్టి ఒక అంకెను కేటాయించి, పావుగంట కాలములో తక్కువ ఉత్తేజమునుండి ఎక్కువ ఉత్తేజమునకు మెట్లుమెట్లుగా పోవునట్లు వానిని కూర్చి, పిదప మరియొక పావుగంట నిశ్శబ్దము పాటించెడివారు. ఉదయము పదింటికి, మధ్యాహ్నము మూడింటికి పనివారి చురుకు తగ్గునని తెలిసి ఆ వేళలకు ఎక్కువ అంకె గల వరుసలను పంపెడివారు. అందు సాహిత్యము ఉండదు, గాయకుడుండడు, ఎవరును చెవియొగ్గి వినవలసిన అందమును ఉండరాదు. వినబడుచున్నట్లు తెలియకుండగనే వినబడుట దాని గుణము. త్యాగరాజస్వామిని, అన్నమాచార్యుని కన్న భాషలో పుట్టిన నావంటివానికి, ఎవరును వినకుండుటకై రచింపబడిన సంగీతము అను భావనయే మ్రింగుడుపడనిది.

ఇట్టి సంగీతమును వద్దనుటకు పౌరునకు హక్కు గలదా? ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు వరకు పోయెను. రాజధానియైన వాషింగ్టన్ నగరమున ట్రాములను, బస్సులను నడుపు కంపెనీ 1940 దశకపు చివర తన వాహనములలో లౌడ్‌స్పీకర్లు పెట్టించి, ఎక్కువ భాగము సంగీతమును, నడుమ నడుమ ప్రకటనలను వినిపింపసాగెను. ప్రయాణికులలో అత్యధికులు అభ్యంతరము లేదనిరి. నిత్యము ఆ వాహనములలో పోవు ఇద్దరు న్యాయవాదులు మాత్రము తమ స్వేచ్ఛకు భంగము కలుగుచున్నదని పోరాడిరి. ఇష్టము లేని దృశ్యమునుండి ముఖము త్రిప్పుకొనవచ్చును, శబ్దమునుండి ఎచటికి త్రిప్పుకొనవలెను? 1952 మే 26న కోర్టు కంపెనీ పక్షముననే తీర్పు చెప్పెను. న్యాయమూర్తి డగ్లస్ ఒక్కడు భిన్నాభిప్రాయము వ్రాసి, వాహనములోని ప్రయాణికుడు లేచిపోలేని శ్రోత యనియు, వ్యక్తిని తనమానాన తనను విడిచిపెట్టుటయే సమస్త స్వేచ్ఛకును మొదలనియు వాదించెను. ఫ్రాంక్‌ఫర్టర్ అను మరియొక న్యాయమూర్తి, ఆ శబ్దమునకు తానును బాధితుడను గనుక తన మనస్సు నిష్పక్షపాతముగా నుండజాలదని చెప్పి విచారణనుండియే తప్పుకొనెను. ఒక బస్సులోని పాట సుప్రీంకోర్టు న్యాయమూర్తిని న్యాయపీఠమునుండి లేపివేసిన సందర్భము మరియొకటి నాకు తెలియదు. పదునేడేండ్ల తరువాత, 1969లో, యునెస్కోకు అనుబంధమైన అంతర్జాతీయ సంగీత మండలి పారిస్‌లో సమావేశమై, బహిరంగ స్థలములలోను ఇతరత్రను ధ్వనిముద్రిత సంగీతమును అడ్డు ఆపు లేక వినిపించుట మానవుని నిశ్శబ్దపు హక్కును హరించుటయేనని తీర్మానించెను. సంగీతమే వృత్తిగా గలవారు నిశ్శబ్దము కొరకు ఓటువేసిరి.

ఆ తీర్మానమునకు దుకాణదారులు చెవి యొగ్గలేదు. ఏల యొగ్గుదురు? 1982లో మిల్లిమన్ అను అమెరికన్ పరిశోధకుడు ఒక సూపర్‌మార్కెట్‌లో కొన్ని దినములు నిమిషమునకు 72 దెబ్బలకు మించని మందగతి సంగీతమును, కొన్ని దినములు 94 దెబ్బలకు తగ్గని శీఘ్రగతి సంగీతమును పెట్టించి చూచెను. మందగతి దినములలో జనులు నెమ్మదిగా నడిచిరి, అలమారల ముందు ఎక్కువసేపు నిలిచిరి, అమ్మకములు శీఘ్రగతి దినములకంటె 38 శాతము హెచ్చినవి. 1997లో ఇంగ్లండులో నార్త్ మొదలగు పరిశోధకులు జరిపిన ప్రయోగము ఇంతకంటె విచిత్రమైనది. ఒక సూపర్‌మార్కెట్‌లో ఫ్రెంచి ద్రాక్షసారాయిని, జర్మన్ ద్రాక్షసారాయిని ప్రక్కప్రక్కన పెట్టి, ఒకనాడు ఫ్రెంచి సంగీతమును, మరునాడు జర్మన్ సంగీతమును వినిపించుచు వచ్చిరి. ఫ్రెంచి సంగీతము మ్రోగిన దినములలో ఫ్రెంచి సీసాలు 40, జర్మన్ సీసాలు 8 అమ్ముడుపోయినవి. జర్మన్ సంగీతము మ్రోగిన దినములలో జర్మన్ సీసాలు 22, ఫ్రెంచి సీసాలు 12. తమ ఎంపికకు సంగీతము కారణమా యని అడుగగా 44 మందిలో అవునన్నవారు ఆరుగురు మాత్రమే. తక్కినవారు అసత్యమాడలేదు. తమ చేయిని మరియొకరు కదలించినట్లు వారికి నిజముగనే తెలియదు. ఈనాడు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము నగరములలోని పెద్ద బట్టల దుకాణములలోను, మాల్‌లలోను అడుగిడునపుడు మన చెవిని తాకు మెత్తని వాద్యసంగీతమునకు మూలము ఇట్టి లెక్కలలో నున్నది.

దాపరికము లేని సంగీత శాసనములును గలవు. వానిపై నాకు ఫిర్యాదు లేదు. తైవాన్ దేశమున చెత్తబండి వీధిలోనికి వచ్చునపుడు బీథోవెన్ రచించిన 'ఫ్యూర్ ఎలీజ' బాణీ మ్రోగును, జనులు సంచులు చేతబట్టుకొని ఇండ్లనుండి వత్తురు. జపానులో రైలు కదలునని తెలుపు కర్కశమైన గంటకు మారుగా 1989లో టోక్యో స్టేషన్లలో చిన్న చిన్న రాగములను ప్రవేశపెట్టిరి. తొందరలో ఒకరినొకరు త్రోసికొనుట తగ్గవలెనని వారి యాశయము. మన పట్టణములలోను చెత్తబండ్లు పాటలు వినిపించుచు తిరుగుచున్నవి. ఈ పాటలు తామేమి కోరుచున్నవో దాచవు. విని అనుసరించువాడు తెలిసియే అనుసరించును. కెనడాలోను ఇంగ్లండులోను కొన్ని దుకాణముల ముంగిట, రైలు స్టేషన్లలో, గుమిగూడు యువకులను తరిమివేయుటకు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమును వినిపించుట మాత్రము నాకు బాధాకరముగా తోచును. బీథోవెన్‌ను విని పారిపోవలెనని పిల్లలకు నేర్పు నాగరికత తన నిధిని తానే చీపురుకట్టగా వాడుకొనుచున్నది.

తుదకు మన దేశపు సంగతి. 1920 దశకపు తొలినాళ్ళలో గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరల పాలనను ఎదిరించుచు వ్రాసిన పాట తెలుగునాట ఊరూర మ్రోగినపుడు మద్రాసు ప్రభుత్వము ఆయనను జైలునకు పంపెను. ఒక పాటకు ఇంత భయపడుట సామ్రాజ్యమునకు తగునా యని పలువురు అనుకొనియుందురు గాని, స్టోనో తీరమున డోలును నిషేధించిన వంశమునకు ఆ భయము క్రొత్తది కాదు. 1938లో నిజాము రాజ్యమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు వసతిగృహములలో వందేమాతర గీతమును పాడరాదను ఉత్తరువును ధిక్కరించి, వందల సంఖ్యలో బహిష్కృతులై, నాగపూరు విశ్వవిద్యాలయము ఆశ్రయమీయగా చదువు కొనసాగించిరి. అనంతర కాలమున ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావు వారిలో నొకడు. పాడుటకై చదువును పణముగా పెట్టిన ఆ యువకులను తలచుకొనినపుడు నాకు గర్వము కలుగును. ఆ గర్వముతోనే మరియొక ప్రశ్నను కూడ నన్ను నేను వేసికొనవలసి యున్నది. పాడరాదని శాసించుట తప్పైనచో, పాడితీరవలెనని శాసించుట ఒప్పగునా?

తెలంగాణమున కరీంనగర్ జిల్లా జమ్మికుంట పట్టణమున 2017 ఆగస్టు 15 నుండి ప్రతిదినము ఉదయము 7 గంటల 54 నిమిషములకు లౌడ్‌స్పీకర్లలో జాతీయ గీతమును వినిపించు ఏర్పాటును స్థానిక పోలీసులు చేసిరి. ఆ 52 సెకన్లు బండ్లు ఆగును, బేరములు ఆగును, బడికి పోవు పిల్లలు ఎక్కడివారక్కడ నిలుతురు. చూచినవారికి కన్నులు చెమర్చు దృశ్యమే. ప్రజలు ప్రీతితో పాటించుచున్నంతకాలము అది వారి తాళము. నిలువనివానిని నలుగురు చుట్టుముట్టి నిలదీసిన దినమున అది వేరొకరి తాళమగును. అట్టి దినములు కల్పన కావు. సినిమాహాళ్ళలో ప్రదర్శనకు ముందు జాతీయ గీతము తప్పనిసరియని సుప్రీంకోర్టు 2016 నవంబరు 30న ఆదేశించిన పిదప, లేచి నిలువనివారిపై ప్రేక్షకులే దౌర్జన్యము చేసిన సంఘటనలు జరిగినవి. 2018 జనవరి 9న కోర్టు ఆ నిబంధనను సడలించి యజమానుల ఇష్టమునకు విడిచిపెట్టెను.

అంతకు ముప్పది సంవత్సరములకు పూర్వమే ఈ ప్రశ్నకు అదే కోర్టులో ఒక తెలుగు న్యాయమూర్తి సమాధానము వ్రాసియుండెను. కేరళలో యెహోవా సాక్షుల శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు, తమ మతవిశ్వాసమునుబట్టి, బడిలో జాతీయ గీతము పాడునపుడు మర్యాదగా లేచి నిలిచియు నోరు కదపకుండిరి. 1985లో వారిని బడినుండి వెడలగొట్టిరి. 1986 ఆగస్టులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తన తీర్పున, నిలిచి గౌరవము చూపినవారు పాడనంత మాత్రమున అగౌరవపరచినట్లు కాదనియు, ఎవరినైనను పాడితీరవలెనని నిర్బంధించు చట్టమేదియు ఈ దేశమున లేదనియు, వాక్స్వాతంత్ర్యములో మౌనముగా నుండు స్వాతంత్ర్యము కూడ చేరియున్నదనియు నిర్ణయించెను. వాషింగ్టన్‌లోని ఇద్దరు ప్రయాణికులకు వినకుండు హక్కు దక్కలేదు. కేరళలోని ముగ్గురు పిల్లలకు పాడకుండు హక్కు దక్కెను. ఆ పిల్లలను తిరిగి బడిలో చేర్చుకొని, వారి చదువునకు ఏ ఆటంకమును కలిగింపవలదని కోర్టు అధికారులను ఆదేశించెను.